గ్లీన్ అంటే పరిగె ఏరడం

మంగళవారం, సాయంత్రం

ఈరోజు దిద్దిన అనువాదంలోనూ ‘గ్లీన్’ అన్న ఇంగ్లిష్ క్రియకి ‘సేకరించు’ అనే ఉంది. తప్పని కొట్టెయ్యలేం. కానీ అందులో చేను లేదు. ఈ పనికి మనకి సొంత మాట ఉంది, పరిగె. కోతయ్యి, పనలు ఎత్తేశాక మడిలో రాలి మిగిలిన వెన్నులవి. నడుం వంచి ఒక్కొక్కటీ ఏరుకోవాలి.

తెలుగు బైబిలు ఈ మాటని చక్కగా వాడుకుంది. పొలం ఓరలు పూర్తిగా కోయొద్దనీ, పరిగె ఏరుకోకుండా బీదలకీ పరదేశులకీ వదిలెయ్యమనీ లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతుంది. అదే బైబిల్లో రూతు అనే ఆమె పొద్దుగూకేదాకా ఏరి దుల్లకొడితే దాదాపు తూమెడు యవలయ్యాయి. ఇంగ్లండులో పల్లె పేదలు దీన్ని హక్కుగానే చూసుకున్నారు. చాలా ఊళ్లలో చర్చి గంట మోగాకే చేలో దిగేవారు. అది చట్టం ఇచ్చిన హక్కు కాదని 1788లో కోర్టు తేల్చింది. అయినా ఏరడం ఆగలేదు.

సమాచారం విషయంలోనూ క్రియకి ఆ వంగి ఏరే గుణం పోలేదు. అధికారి చేతికిచ్చిన జాబితాకి ఇది చెల్లదు. పాత ఉత్తరాల్లో అక్కడో ముక్క, ఇక్కడో ముక్క పట్టుకుని ఓ కుటుంబం ఎప్పుడు వలస పోయిందో తెలుసుకుంటే చెల్లుతుంది. ‘ఆరా తీయడం’ అనకూడదు, అందులో అడగడం ఉంది. ‘కూపీ లాగడం’ అసలే కాదు, దాచినదాన్ని బయటికి లాగడమది. ‘ఉత్తరాల్లోంచి ఏరుకున్నది’ అంటే చాలు.

అసలు చిక్కు ఇంగ్లిష్ కవి కీట్స్ 1818లో రాసిన సానెట్‌లో, అంటే పద్నాలుగు పాదాల కవితలో ఉంది. తన కలం నిండు మెదడుని ‘గ్లీన్’ చెయ్యకముందే చచ్చిపోతానేమోనని భయం. వెంటనే పుస్తకాలు పండిన గింజల గాదెలవుతాయి. ‘సేకరించు’ అంటే ఆ గాదెలు ఎక్కణ్నుంచో ఊడిపడ్డట్టుంటాయి. అలాగని ‘పరిగె’ అన్నా కుదరదు, మన పరిగె మిగులు మాత్రమే. కీట్స్‌కి కావలసింది పంటంతా, ఒక్క గింజ వదలకుండా. ‘నా కలం చివరి వెన్నుదాకా ఏరుకోకముందే’ అంటే చేనూ ఉంటుంది, గాదే నిండుతుంది.

మరుసటి ఏడు శరత్తు మీద రాసిన కవితలో ఆ ఇబ్బంది లేదు. అక్కడ పరిగె మోపు నెత్తిన పెట్టుకుని, తల కదలకుండా వాగు దాటే మనిషే కనబడుతుంది.