సివిల్స్ దరఖాస్తు ఫారం డాఫ్‌లో ‘రోమన్ చరిత్ర’ అని రాసి ఇంటర్వ్యూలో ఎలా దొరికిపోయానంటే

సివిల్స్ రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. పీడీఎఫ్‌లో నా రోల్ నంబర్ చూడగానే అమ్మ ఏడ్చేసింది, నాన్న ఏమీ మాట్లాడకుండా బయటికెళ్లి అరగంటకు స్వీట్ బాక్సులతో వచ్చారు. ఇది నా నాలుగో అటెంప్ట్. ప్రిలిమ్స్, మెయిన్స్ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పాత పేపర్లు, టెస్ట్ సిరీస్, రోజుకు రెండు ఆన్సర్లు రాసి దిద్దించుకోవడం, అంతే. నేను చెప్పాలనుకున్నది మూడో అటెంప్ట్ ఇంటర్వ్యూ గురించి. 275కి 138 వచ్చాయి, తొమ్మిది మార్కుల్లో లిస్ట్ పోయింది.

హాబీ దగ్గర ‘ప్రాచీన రోమన్ చరిత్ర చదవడం’ అని రాశాను. గొప్ప కోసం రాసింది కాదు, ఇంటర్ నుంచి చదువుతున్నాను. అగస్టస్ దగ్గర్నుంచి చక్రవర్తులందరూ వరసగా నోటికి వచ్చు. బోర్డులో ఒక మేడం నెమ్మదిగా అడిగారు: “చక్రవర్తుల సంగతి సరే, రోమ్ వీధిలో కూరగాయలు అమ్ముకునే మనిషి నీరో గురించి ఏమనుకునేవాడు?” “ద్వేషించేవాడు మేడం, నీరో క్రూరుడు కదా” అన్నాను. “మీకెలా తెలుసు?” “సూటోనియస్, టాసిటస్ రాశారు మేడం.” “వాళ్లు కూరగాయలు అమ్మేవాళ్లా?” నా దగ్గర మాట లేదు. ఇద్దరూ రోమన్ చరిత్ర రాసినవాళ్లే. టాసిటస్ సెనేటర్, అంటే రోమ్ పెద్దల సభ సభ్యుడు, సూటోనియస్ చక్రవర్తి హేడ్రియన్ దగ్గర ఉత్తరాలు చూసిన అధికారి. ఆ విషయం నాకు తెలుసు, కానీ దాని అర్థమేమిటో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఇంటికొచ్చి అవే పుస్తకాలు మళ్లీ తీశాను. సిగ్గేసింది. నీరో క్రీ.శ. 68లో చనిపోయాక చాలా ఏళ్లపాటు ఎవరో అతని సమాధి మీద వసంతంలో, వేసవిలో పూలు పెట్టేవారని సూటోనియస్సే రాశాడు. సర్కస్ మైదానంలో రథాల పందేలకు, నాటకాలకు అలవాటుపడ్డ జనం దిగులుపడ్డారని టాసిటస్ రాశాడు, అయితే ఆ జనాన్ని ‘మురికి జనం’ అన్నాడు. అంటే మేడం అడిగిన కూరగాయల మనిషి ఆ పేజీలోనే ఉన్నాడు, నేను అతన్ని దాటేసి వెళ్లిపోయాను. ఇదే నా ప్రిపరేషన్‌లో అసలు తప్పు, మీలో చాలామంది కూడా ఇదే చేస్తున్నారని గట్టిగా నమ్ముతున్నాను.

ఆ రోజు నుంచి ఒక నోట్‌బుక్ పెట్టాను. ఎడమవైపు ‘ఎవరు అన్నారు’, కుడివైపు ‘మనకు ఎవరు చెప్పారు’. చక్రవర్తి టైబీరియస్‌కు తాగుడు ఎక్కువని సైనికులు అతని పేరునే మార్చి ‘బైబీరియస్’ అని పిలిచేవారు, లాటిన్‌లో తాగడం అన్న మాట అందులో వినిపిస్తుంది. క్రీ.శ. 37లో అతను చనిపోతే జనం వీధుల్లోకి వచ్చి “టైబీరియస్‌ను టైబర్ నదిలో పారేయండి” అని అరిచారు. రోమ్ తగలబడ్డాక నీరో బంగారు భవనం కట్టుకుంటుంటే ‘రోమ్ అంతా ఒకే ఇల్లు అయిపోతోంది, ఊరు వదిలి పక్కనున్న వేయీ పట్టణానికి పొండి, ఆ ఇల్లు వేయీ దాకా రాకపోతే’ అని ఎవరో పద్యం కట్టారు. ఇంకో చక్రవర్తి డొమిషియన్ ఊరంతా తోరణ ద్వారాలు కట్టిస్తుంటే ఒకదాని మీద ఎవరో ‘ఆర్కీ’ అని రాశారు. గ్రీకులో దానికి ‘చాలు’ అని అర్థం, లాటిన్‌లో ద్వారాలకూ దాదాపు అదే మాట. ఒక్క మాటలో అంత కోపం చెప్పొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ఇవన్నీ అధికారం, హోదా ఉన్న పెద్దవాళ్ల కలం నుంచే మనకు వచ్చాయి, కుడివైపు గడిలో అదే రాయాల్సి వచ్చేది. పెద్దవాళ్ల చేయి పడకుండా మిగిలింది గోడలే. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద కప్పబడిపోయిన రోమన్ ఊరు పాంపేలో గోడల మీద రాతలు 11,000కు పైగా దొరికాయి. అందులో ఒకటి ‘నీరో ఖజానా లెక్కలు చూసేది విషమే’ అంటుంది. డబ్బు కోసం విషం పెట్టి చంపిస్తున్నాడన్న అనుమానం అది. అదే ఊరి గోడల మీద నీరోకు, అతని భార్య పొప్పేయాకు జై కొట్టిన రాతలూ ఉన్నాయి. కాబట్టి ‘ప్రజలు ద్వేషించారు’ అన్న నా జవాబు తప్పు, ‘ప్రజలు ప్రేమించారు’ అన్నా తప్పే అయ్యేది.

హాబీ మార్చేయ్, క్రికెట్ అని రాసుకో అని రూమ్మేట్ చాలాసార్లు చెప్పాడు. మార్చలేదు. మొండితనం అనుకున్నా పర్వాలేదు, ఒక ప్రశ్నకు భయపడి పదేళ్లుగా ఇష్టపడ్డదాన్ని వదిలేస్తే రేపు ఉద్యోగంలో ఒక ఫోన్ కాల్‌కు భయపడి ఇంకేదో వదిలేస్తాం. మెయిన్స్ ముందు కూడా రాత్రి నలభై నిమిషాలు ఆ నోట్‌బుక్‌కు ఇచ్చాను. జ్వరం వచ్చిన రెండు రోజులు తప్ప ఎప్పుడూ ఆపలేదు. టైమ్ లేదు అనేవాళ్లు ఒక్కసారి ఫోన్‌లో స్క్రీన్ టైమ్ చూసుకోండి, కటువుగా అనిపించినా సరే చెబుతున్నాను.

ఈసారి బోర్డు వేరు, ప్రశ్నా వేరు. “జనం కోపం కలెక్టర్‌కు ముందే ఎలా తెలుస్తుంది?” అన్నారు. టైబీరియస్ ప్రజల స్నానశాల నుంచి ఒక విగ్రహాన్ని తన పడకగదికి తెప్పించుకుంటే, నాటకశాలలో జనం ‘మా విగ్రహం మాకివ్వు’ అని అరిచి అరిచి వెనక్కి పెట్టించారని చెప్పాను. ధాన్యం కరువొచ్చినప్పుడు చక్రవర్తి క్లాడియస్‌ను ఫోరంలో, అంటే ఊరి నడిబొడ్డు కూడలిలో, చుట్టుముట్టి రొట్టె ముక్కలతో కొట్టారని, మాట వినే చోటు లేకపోతే రొట్టె ముక్కలే వస్తాయని, మన సోమవారం ప్రజావాణి అందుకే ఉందని అన్నాను.

అప్పుడు ఒక సర్ హేడ్రియన్ కథ ఎత్తారు. దారిలో ఒక ఆవిడ అర్జీ పెట్టబోతే “నాకు టైమ్ లేదు” అన్నాడట, “అయితే చక్రవర్తిగా ఉండకు” అందట ఆవిడ, అతను ఆగి విన్నాడట. “ఇది నిజంగా జరిగిందా?” అని అడిగారు. “చెప్పలేం సర్. దీన్ని రాసిన చరిత్రకారుడు డియో సుమారు వందేళ్ల తర్వాతివాడు, గ్రీకులు ఇదే కథను అంతకుముందే ఒక మాసిడోనియా రాజు మీద చెప్పుకున్నారు. కానీ జనం ఇన్ని తరాలు దీన్ని చెప్పుకున్నారంటే రాజు నుంచి వాళ్లకు ఏం కావాలో తెలుస్తోంది” అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు, తలూపి పక్కవారి వైపు చూశారు.

మార్కులు ఇంకా రాలేదు. నోట్‌బుక్ పేజీలు స్కాన్ చేస్తున్నాను, ఈ వారంలో పెడతాను. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు మీ హాబీ ఏమిటో మెసేజ్ పెట్టండి, ఆ మేడం అడిగినట్టు నేనూ కొన్ని ప్రశ్నలు అడుగుతాను.