హర్ కీ దూన్‌కి మోసుకెళ్లిన పప్పన్నం

కిందటేడాది అక్టోబర్‌లో ఉత్తరాఖండ్‌లోని హర్ కీ దూన్ అనే కొండలోయకి ట్రెకింగ్‌కి వెళ్లొచ్చాం. నేను, మా ఆయన, మా తమ్ముడు, అక్కడి సాంక్రీ ఊళ్లో కుదుర్చుకున్న గైడ్ అబ్బాయి, మొత్తం నలుగురం. ట్రెకింగ్ కంపెనీతో వెళ్తే వంటమనిషిని, సామాన్లు మోసే కంచర గాడిదల్ని వాళ్లే చూసుకుంటారు. మేం మాత్రం మా తిండి మేమే మోసుకెళ్లి, మేమే వండుకోవాలనుకున్నాం. నడిచింది ఐదు రోజులు. దానికి తిండి తయారు చేసుకోవడానికి ఐదు నెలలు పట్టింది.

నా టెన్షన్ అంతా పప్పు గురించే. హర్ కీ దూన్ 3,566 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. ఆ పైన ఎంత మంట పెట్టినా నీళ్లు ఆవిరవుతాయే తప్ప వేడి పెరగదు. ఆ వేడికి కందిపప్పు గంటసేపు మరిగినా పలుకు పలుకుగానే ఉంటుంది. కుక్కర్ పట్టుకెళ్దామంటే దాని బరువే రెండు కిలోలు. ఇదంతా ఫోన్‌లో చెప్తుంటే అమ్మ విని, "కొండ మీద ఉడకబెట్టడం దేనికే? ఇక్కడే ఉడకబెట్టి ఎండబెట్టుకుపో. అన్నం వడియాలు పెట్టట్లా?" అంది. దారి దొరికింది. మే మొదటి వారంలో తెనాలి వెళ్లి అమ్మ దగ్గర పది రోజులున్నాను.

పప్పు ఇలా చేశాం. కందిపప్పులో పసుపు, ఉప్పు వేసి కుక్కర్లో మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, పళ్లేల మీద పల్చగా పరిచి డాబా మీద పెట్టాం. ఈగలు వాలకుండా పైన పాత పంచె కప్పాం. మధ్యాహ్నానికల్లా ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చింది. సాయంత్రం ఆ బిళ్లల్ని అట్లకాడతో తిరగేసి, రెండో రోజు మళ్లీ ఎండలో పెట్టాం. విరిస్తే అప్పడంలా పుటుక్కుమనాలి. అప్పుడు మిక్సీలో రవ్వలా తిప్పాం. నూనె, నెయ్యి చుక్క కూడా వేయలేదు. నీరు ఎండుతుంది గానీ నూనె ఎండదు, నిల్వ ఉంచితే పాతనూనె కంపు కొడుతుంది. అందుకే ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఎండిన కరివేపాకు చిన్న పొట్లం కట్టుకుని, తాలింపు అక్కడే నెయ్యిలో పెట్టుకోవాలని ముందే అనుకున్నాం.

అన్నం కూడా అంతే. పొడిపొడిగా వార్చి, చల్లటి నీళ్లలో ఒకసారి జాడించి గంజి పోగొట్టి, గింజ గింజ విడిగా ఎండబెట్టాం. టమాటాలు, బెండకాయలు, వంకాయలు తరిగి ఒరుగులు చేశాం. మాగాయ కోసం ఉప్పు, పసుపు పట్టించి ఊటలోంచి పిండి తీసిన మామిడి ముక్కల్ని అమ్మ ఎండబెడుతుంటే, నూనె కలపకముందే నా వాటా తీసుకున్నాను. ఆవకాయ జాడీ బ్యాగులో ఎక్కదు, నూనె కారితే బట్టలు పాడు. ఈ ఎండు ముక్కకి బరువు లేదు, పులుపు మాత్రం చావలేదు.

ఆగస్టులో దెబ్బ తగిలింది. హైదరాబాద్‌లో వరసగా వానలు. ఎందుకో అనుమానమొచ్చి పప్పు డబ్బా మూత తీస్తే పుల్లటి వాసన. అడుగున తెల్లటి బూజు. ఎక్కడ తప్పు జరిగిందో ఆలోచిస్తే తెలిసింది. ఆఖరి రోజు త్వరగా అయిపోవాలని ఒక వాయి దిబ్బరొట్టెలా మందంగా పరిచాను. అంచులు పుటుక్కుమన్నాయి గానీ నడుమ లోపల తడి మిగిలిపోయింది. ఆ ఒక్క వాయి వల్ల డబ్బా మొత్తం పోయింది. పారబోస్తుంటే కళ్లనీళ్లు తిరిగాయి. అమ్మ నడుం నొప్పితో డాబా మెట్లెక్కి దిగిన కష్టమది.

బయట ఎండ లేదు కాబట్టి రెండోసారి ఓవెన్లో చేశాను. అన్నిటికంటే తక్కువ వేడి మీద పెట్టి, ఆవిరి పోవడానికి తలుపు సందులో చెక్క గరిటె అడ్డం పెట్టి, గంటగంటకీ తిరగేస్తూ ఒక ఆదివారమంతా దాని ముందే ఉన్నాను. ఈసారి వెంటనే డబ్బాకెత్తలేదు. గాజు సీసాలో పోసి మూత బిగించి వారం రోజులు బల్ల మీదే ఉంచి, రోజూ చూశాను. గాజుకి లోపల చెమట పట్టినట్టు కనిపించినా, పొడి ఉండ కట్టినా ఇంకా తడి ఉన్నట్టే, మళ్లీ ఎండబెట్టాలి. ఎండబెట్టినవి ఏవైనా సరే, ఈ వారం పరీక్ష చేయకుండా దాచకండి. బూజు పట్టిన తిండి కొండ మీద తిని కడుపు పాడైతే అక్కడ డాక్టర్ లేడు.

సెప్టెంబర్లో హాల్లో దుప్పటి పరిచి, సర్దినవన్నీ తూచాం. 19 కిలోలు. మనిషికి రోజుకి 650 గ్రాముల పొడి తిండి అనుకుంటే, నలుగురికి ఐదు రోజులకి 13 కిలోలు దాటకూడదు. గ్రాముకి సగటున నాలుగున్నర కేలరీలు వచ్చేలా చూసుకుంటే ఆ 650 గ్రాముల్లోనే 2,900 పైచిలుకు వస్తాయి, బ్యాగు మోస్తూ నడిచేవాళ్లకి సరిపోతుంది. అటుకులు, బియ్యం, రవ్వ గ్రాముకి మూడున్నర ఇస్తాయి. పల్లీలు ఐదున్నర దాకా, నెయ్యి తొమ్మిదికి దగ్గరగా. కాబట్టి బిస్కెట్లు, నూడుల్స్ ప్యాకెట్లు తీసేసి పల్లీ ఉండలు పెంచాం, నెయ్యి అరకిలో చేశాం. అట్టపెట్టెలు, కంపెనీ కవర్లు ఇంట్లోనే విప్పేశాం. ఒక్కో పూటది ఒక్కో జిప్ కవర్లో పోసి, పైన పూట పేరు, పోయాల్సిన నీళ్ల కొలత మార్కర్‌తో రాశాను. ఆ లోయంతా గోవింద్ పశు విహార్ అభయారణ్యం. ఒక్క కవర్ కూడా అక్కడ వదిలి రాకూడదని మేం గట్టిగా అనుకున్నాం. తెల్లారి ఉప్మా లేదా అటుకులు, పగలు వండకుండా తినేవి, రాత్రి అన్నం, పప్పు, చారు. గైడ్ అబ్బాయికి మన కారం పడుతుందో లేదోనని కారప్పొడి విడిగా కట్టాం.

మా డాబా మీద ఒక రాత్రి అదే స్టవ్, అదే గిన్నెతో వండి చూశాం. మంచి పని చేశాం. వేడినీళ్లు పోసి మూత పెట్టిన అన్నం పైన మెత్తగా, లోపల రాయిలా ఉంది. తర్వాత చేసినప్పుడు ముందు అరగంట చన్నీళ్లలో నానబెట్టి, ఒక పొంగు రానిచ్చి, స్టవ్ ఆపేసి గిన్నెని తువ్వాలులో చుట్టి పావుగంట కదిలించకుండా ఉంచాం. మామూలు అన్నంలా విచ్చుకుంది. గ్యాస్ కూడా అంత తక్కువే కాలింది.

గ్యాస్ లెక్క కూడా ఆ రాత్రే తేలింది. డబ్బాని ముందూ వెనకా తూచితే లీటరు నీళ్లు మరగడానికి 14 గ్రాములు ఖర్చయింది. కొండ మీద నీళ్లు తక్కువ వేడికే మరిగినా మొదలయ్యేది మంచునీళ్లతో, పైగా గాలి. అందుకని ఒకటిన్నర రెట్లు వేసుకున్నాం. రోజుకి 5 లీటర్ల చొప్పున నాలుగు రోజులకి 420 గ్రాములు, అంటే 230 గ్రాముల డబ్బాలు రెండు. విమానంలో వీటిని చేతిబ్యాగులోనే కాదు, చెక్-ఇన్ లగేజీలో కూడా పెట్టనివ్వరు. అందుకే డెహ్రాడూన్‌లో ఒక షాపుకి ముందే ఫోన్ చేసి ఉంచమన్నాం. తీరా వెళ్తే వాళ్లు తీసి ఉంచింది గుచ్చే రకం, మా స్టవ్‌కి కావాల్సింది మర తిప్పే రకం. ఇంకో రెండు షాపులు తిరిగితే దొరికాయి. మీరు ఫోన్ చేసేటప్పుడు డబ్బా ఫొటో కూడా పంపండి.

తాలుకా అనే ఊరి నుంచి సీమా అనే మజిలీ దాకా మొదటి రోజు నడక. ఓస్లా ఊరి పొలాల్లో తోటకూర కంకులు ఎర్రగా, నేల అంటుకున్నట్టు ఉన్నాయి. అక్కడి వాళ్లు ఆ గింజల్ని పిండి పట్టి రొట్టెలు చేసుకుంటారు. రెండో రోజు సాయంత్రానికి హర్ కీ దూన్ చేరాం. ఎదురుగా స్వర్గారోహిణి శిఖరం మీద ఆఖరి ఎండ. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మా ఆయన బండరాయి చాటున స్టవ్ వెలిగించారు. పప్పు రవ్వలో వేడినీళ్లు పోసి కలుపుతుంటే, మే నెలలో తెనాలి డాబా మీద నెర్రెలు విచ్చిన ఆ పప్పే, చిక్కబడి గరిటెకి పట్టుకుంది. నెయ్యిలో ఆవాలు చిటపటమనగానే తమ్ముడు టెంట్ లోంచి తల బయటపెట్టి, "అక్కా, ఇంటి వాసనొస్తోంది" అన్నాడు. గైడ్ అబ్బాయి రెండోసారి అడిగి వేయించుకున్నాడు. మాగాయ ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని కళ్లు గట్టిగా మూసి, ఇంకోటి ఇమ్మని చెయ్యి చాపాడు.

నేను ఊహించనిది సున్నుండల విషయం. ఇంట్లో పోటీపడి తినేవాళ్లం, పైన ఎవరికీ గొంతు దిగలేదు. ఎత్తుకి వెళ్లేకొద్దీ ఆకలి మందగిస్తుంది. చలికి, పొడిగాలికి గొంతు ఎండిపోయి ఉంటుంది. పొడిగా, తియ్యగా ఉన్నవేవీ సహించలేదు. చారు మాత్రం చాల్లేదు. ఎండు టమాటా పొడి, చిన్న చింతపండు ఉండ, చారుపొడి, మిరియాలు వేసి మరిగించి గ్లాసుల్లో పోసుకుని తాగాం. నాలుగు రాత్రులకని తెచ్చింది మూడో రాత్రి, మరిందా తాల్ అనే సరస్సు చూసొచ్చాక, అయిపోయింది.

ఇంటికొచ్చాక మిగిలినవి తూచితే 1,300 గ్రాములు. అందులో 800 సున్నుండలే. అమ్మకి ఫోన్ చేసి, ఈసారి మినుములు విసరొద్దని, మే నెలకి టమాటాలు పది కిలోలు కొనమని చెప్పాను.