హెరాల్డా, పద్మినియా?

మాంబళంలో బాబాయి గారి స్టాండర్డ్ హెరాల్డ్, వాళ్ల పక్కింటి ప్రీమియర్ పద్మిని, ఈ రెండు పాత కార్లూ ఒకే రోజు నడిపే ఛాన్స్ దొరికింది. కాగితం మీద పద్మినిదే పైచేయి: 1089 సీసీ ఇంజిన్. హెరాల్డ్‌ది 948 మాత్రమే. మద్రాసు నుంచి దక్షిణానికి పోయే జీఎస్‌టీ రోడ్డు (గ్రాండ్ సదరన్ ట్రంక్ రోడ్డు) ఎక్కితే ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. కానీ స్టీరింగ్ పక్కనుండే ఆ గేర్ రాడ్‌కీ నాకూ అస్సలు పడలేదు.

హెరాల్డ్ సంగతే వేరు. 25 అడుగుల జాగా ఉంటే చాలు, రివర్స్ వేయకుండా యూటర్న్ కొట్టేయొచ్చు. బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు లేస్తుంది, మెకానిక్ టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు! పైగా మద్రాసులోనే తయారైన బండి. వెనక స్వింగ్ యాక్సిల్ (చక్రం పైకీ కిందకీ ఊగినప్పుడల్లా దాని వాలు మారిపోయే ఇరుసు) వల్ల స్పీడు మలుపుల్లో కాస్త టెన్షన్ పెడుతుందనుకోండి. అయినా నా ఓటు దానికే. బాబాయి గారేమో పద్మినికి మారదామంటున్నారు, స్పేర్లు దొరకడం తేలికట.