సోమవారం, ఏడు గజాల దూరంలో

టెక్సాస్‌లో మేం నడిపే కర్రీ పాయింట్‌కు సోమవారం సెలవు. వారమంతా ఉదయం ఆరింటికి పొయ్యి వెలిగించి, రాత్రి పదిన్నరకు గల్లాపెట్టె లెక్క చూసి తలుపులు మూసే మాకు ఊపిరి పీల్చుకునేది ఈ ఒక్క రోజే. ఇవాళ కరివేపాకు మొక్కను పెద్ద కుండీలోకి మారుద్దామని మట్టి కూడా తెచ్చి పెట్టుకున్నాను. పొద్దున్నే తోటికోడలు ఫోన్ చేసింది. "అక్కా, తుపాకులు చూపిస్తానన్నావు కదా, ఇవాళ నాకూ సెలవే" అంది. కుండీ అలాగే ఉండిపోయింది.

తనకు గ్రీన్‌కార్డు వచ్చి ఆరు నెలలైంది. అంతకు ముందు ఉద్యోగ వీసా మీద ఉన్నన్నాళ్లూ ఈ మాట ఎత్తలేదు. ఎత్తినా కుదిరేది కాదు. అలాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని ఇక్కడి ఫెడరల్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. వేట లైసెన్సు ఉన్నవాళ్లకు ఇచ్చినట్టు కొద్దిపాటి మినహాయింపులున్నాయి, అంతే. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు కొందరు ఇది తెలియక స్నేహితుల తుపాకీ పట్టుకుని ఫొటోలు దిగుతుంటారు. అవి చూసినప్పుడల్లా నా గుండె ఝల్లుమంటుంది.

తను ల్యాబ్‌లో రాత్రి డ్యూటీ చేస్తుంది. రాత్రి రెండింటికి కారు దిగి అపార్ట్‌మెంట్ మెట్ల దాకా ఒంటరిగా నడవాలి. "నాకు చిన్నది చాలక్కా, బ్యాగులో పట్టేస్తే చాలు" అంది కారెక్కుతూనే. ఏడేళ్ల కిందట నేనూ అచ్చంగా ఇదే మాట అన్నాను. అందుకే దారి పొడవునా నా కథే చెప్పాను.

అప్పట్లో మా దుకాణాల వరుసలో రాత్రి మూసే వేళకు ఒకచోట దోపిడీ జరిగింది. భయపడి, ఏమీ తెలియకుండా తుపాకుల దుకాణానికి వెళ్లాను. కౌంటర్ వెనకాల ఉన్నాయన నా చేతి వంక ఒకసారి చూసి, అద్దాల పెట్టెలోంచి ఒక చిన్న రివాల్వర్ తీసి పెట్టాడు. స్మిత్ అండ్ వెస్సన్ 642. ఐదు తూటాలు పడతాయి, బరువు అరకిలో కూడా లేదు. "ఆడవాళ్లకు ఇదే సరిపోతుంది" అన్నాడు. బొమ్మలా ముచ్చటగా ఉంది. కొనేశాను.

మొదటి తూటా పేల్చగానే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న చర్మం మండిపోయింది. రెండోసారి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకున్నాను. ట్రిగ్గర్ కూడా సామాన్యమైనది కాదు, ఐదు కిలోల బరువును ఒక్క వేలితో లాగినట్టుంటుంది. లాగుతూ ఉండగానే తుపాకీ మూతి పక్కకు తిరిగిపోతుంది. ఏడు గజాల దూరంలో వేలాడదీసిన కాగితం మీద ఐదింటికి రెండే తగిలాయి, అవీ అంచుల్లో. యాభై తూటాల పెట్టెలో సగం కూడా కాల్చలేక ఇంటికి వచ్చేశాను. ఆ పైన ఏడాది పాటు దాన్ని ముట్టుకోలేదు. తప్పు నా చేతిదేనని, నాకు ఈ విద్య రాదని అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నిజానికి అందులో ఉన్నది చాలా మామూలు లెక్క. తూటా ఒకటే అయినప్పుడు తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా వెనక్కి తన్నుతుంది. బరువైన తుపాకీ ఆ తన్నును కొంత తనే మింగేస్తుంది. పైగా అంత పొట్టి తుపాకీకి గురి చూసుకోవడానికి పైన ఉండేది ఒక చిన్న గాడి, ఒక చిన్న ఇనుప బుడిపె మాత్రమే. చేయి తిరిగినవాళ్లు దానితో అద్భుతంగా కాలుస్తారు, వాళ్లను చూశాను. కానీ కొత్తగా నేర్చుకునే మనిషికి, అందులోనూ ఆడమనిషి కదా అని, అన్నింటిలోకీ కష్టమైన తుపాకీని ఇవ్వడం ఏ రకంగానూ సబబు కాదు. చిన్న చేతికి చిన్న తుపాకీ అనే మాట వినడానికి సహజంగా ఉంటుంది కాబట్టే అది ఇంతమందిని ఇబ్బంది పెడుతోంది.

తుపాకీ కాల్చడం సాధన చేసే రేంజిలో ఇవాళ రద్దీ లేదు. చెవులకు మఫ్‌లు, కళ్లకు అద్దాలు పెట్టించి, ముందు ఖాళీ తుపాకీతోనే అరగంట కూర్చోబెట్టాను. ఖాళీ అని తెలిసినా నిండుగా ఉన్నట్టే చూడాలి. మూతి ఎప్పుడూ ఎదురుగా కాగితం వైపే ఉండాలి. గురి కుదిరే దాకా వేలు ట్రిగ్గర్ మీదకు పోకూడదు. గురి వెనక ఏముందో ఎరిగి ఉండాలి. నాలుగే మాటలు, కానీ వాటిని నోటితో కాదు, వేలితో నేర్చుకోవాలి. తన వేలు మూడుసార్లు తెలియకుండానే లోపలికి పోయింది. మూడుసార్లూ తుపాకీ బల్ల మీద పెట్టించి మళ్లీ మొదలుపెట్టించాను. తను విసుక్కోలేదు.

మొదట అద్దెకు తీసుకున్నది నా పాత మోడల్ రివాల్వరే. కావాలనే తీసుకున్నాను. ఒక్క తూటా వేసి ఇచ్చాను. పేల్చింది, కింద పెట్టింది, అరచేయి చూసుకుంది. "ఇది నాకు వద్దక్కా" అంది. నాకు ఏడాది పట్టిన సంగతి తనకు ఒక్క తూటాతో తెలిసింది.

తర్వాత నాది ఇచ్చాను. గ్లాక్ 43ఎక్స్ పిస్టల్. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న పెద్ద గ్లాక్ 17 నుంచి వచ్చిన వంశమే ఇది. 2019లో వచ్చింది. 9 ఎం.ఎం. తూటాలు పది పడతాయి. అందరూ మెచ్చుకునే గ్లాక్ 19 కూడా నేను కాల్చి చూశాను. మంచి తుపాకీ, పదిహేను పడతాయి. కానీ దాని పిడి లావుకు నా చూపుడువేలు ట్రిగ్గర్‌ను కొసతో మాత్రమే అందుకుంటుంది. వేలి మొదటి కణుపు నిండుగా ఆనాలంటే అరచేయి పక్కకు జరపాలి. జరిపితే తుపాకీ తన్ను నేరుగా ముంజేతిలోకి రాకుండా బొటనవేలి కీలు మీద పడుతుంది. 43ఎక్స్ పిడి పొడవుగా ఉంటుంది, సన్నగా ఉంటుంది. నా నాలుగు వేళ్లూ దాని మీద ఇరుక్కోకుండా కుదురుకుంటాయి, చిటికెన వేలు గాలిలో వేలాడదు. నేను తుపాకీ చూసేటప్పుడు మొట్టమొదట చూసేది ఈ రెండే: వేలు ట్రిగ్గర్ మీద ఎక్కడ ఆగుతోంది, చిటికెన వేలికి చోటుందా. తూటా ఏ కొలతది, ఎన్ని పడతాయి, ఏ కంపెనీ అన్నవి ఆ తర్వాతే.

ఇంకొకటి, నలభై ఐదు దాటాక వచ్చిన చత్వారం. చేయి చాచినప్పుడు తుపాకీ కొసన గురి చూసుకోవడానికి ఉండే సైటు నాకు మసకగా కనబడేది. ఉన్నదాన్ని తీయించి, నారింజ రంగు వలయం ఉన్నది పెట్టించాను. గుమ్మానికి పసుపు రాసినట్టు కంటికి ఇట్టే ఆనుతుంది. ఈ చిన్న మార్పు నా గురిని మార్చినంతగా మరే ఖరీదైన మార్పూ మార్చలేదు.

తోటికోడలు నా దానితో బాగానే కాల్చింది. చిక్కు మరోచోట వచ్చింది. పిస్టల్ పైభాగంలో ముందుకూ వెనక్కూ జరిగే ఇనుప తొడుగును స్లైడు అంటారు, మొదటి తూటా ఎక్కించాలంటే దాన్ని వెనక్కి లాగాలి, అందుకు తన బలం చాలలేదు. పట్టు మార్చుకుని, ఒంటికి దగ్గరగా పెట్టుకుని తోయమని చూపించాను. రెండుసార్లు వచ్చింది, మూడోసారి రాలేదు. అప్పుడు మూడోది తెప్పించాను. స్మిత్ అండ్ వెస్సన్ వాళ్లదే, షీల్డ్ ఈజీ, .380 తూటాలది, ఎనిమిది పడతాయి. 2018లో తెచ్చినప్పుడే చేతిలో పట్టు తగ్గినవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేశారు. స్లైడు తలుపు గడియ తీసినంత సులువుగా వస్తుంది. పిడి వెనక ఒక మీట ఉంటుంది, అరచేతితో గట్టిగా పట్టుకుంటే తప్ప పేలదు. తూటా 9 ఎం.ఎం. కంటే చిన్నది. నాకైతే 9 ఎం.ఎం. మీదే మక్కువ, దాని తూటాలు చౌక, ఎక్కడైనా దొరుకుతాయి. కానీ తను దానితో ఏడు గజాల్లో ఎనిమిదికి ఏడు పెట్టింది, ఏడూ నా అరచేతి కింద దాగిపోయేంత దగ్గరగా. తగలని పెద్ద తూటా కంటే తగిలిన చిన్న తూటా మేలని నేను వాదించనక్కర్లేకపోయింది, కాగితమే చెప్పింది.

చివర్లో నా సంతోషం కోసం నా సీజెడ్ 75 తీశాను. చెకొస్లొవేకియాలో కౌట్స్కీ సోదరులు రూపొందించినది, పేరులోనే ఏడాది ఉంది. నిండా ఉక్కు, కిలో బరువు. స్లైడు ఫ్రేము, అంటే పిడితో కలిసిన చట్రం, లోపలి గాడిలో నడుస్తుంది కాబట్టి పట్టుకుని లాగడానికి పైన సన్నని అంచు మాత్రమే ఉంటుంది, చిన్న చేతులకు అదొక ఇబ్బంది. అయినా ఒకసారి చేతిలో కుదురుకుందంటే, పేలిన ప్రతిసారీ మూతి ఉన్నచోటికే వచ్చి ఆగుతుంది. సోమవారాలు నేను ఎదురుచూసేది ఈ ముప్ఫై నలభై తూటాల కోసమే. దీన్ని నడుముకు కట్టుకుని రోజంతా సాంబారు గిన్నెలు ఎత్తమంటే మాత్రం నా వల్ల కాదు. మా వారికి 1911 అనే పిస్టల్ అంటే ప్రాణం. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఆ తుపాకీ అమెరికా సైన్యంలో 1985 దాకా నడిచింది. ఆయన దాన్ని ఎంతో అందంగా కాలుస్తారు. కానీ కిలోకు పైగా బరువు కావడంతో వారం తిరక్కుండానే నడుము నుంచి బీరువాలోకి చేరింది. కాల్చడానికి హాయిగా ఉండేది, వెంట ఉంచుకోవడానికి హాయిగా ఉండేది ఒకటి కావు. ఒక్కదానిలోనే రెండూ వెతికి చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు.

తిరిగి వస్తూ టీ తాగుతుంటే మా బాబాయి గుర్తొచ్చారు. ఊళ్లో ఆయన దగ్గర కాన్పూరులో తయారైన .32 లైసెన్సు రివాల్వర్ ఉండేది. నడుమ విరిచి తెరిస్తే ఆరు ఖాళీ తూటా తొడుగులూ ఒక్కసారిగా పైకి లేచేవి. దసరాకు దాన్ని తుడిచి, పసుపు కుంకుమ పెట్టి పూజలో ఉంచేవారు. ఎన్నికలు వస్తే పోలీసు స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. ఏది నచ్చింది, ఏ పిడి కుదిరింది అన్న ప్రశ్నే ఆయనకు రాలేదు. ఇక్కడ నాకు కిరాణా సరుకులా దొరికే 9 ఎం.ఎం. అక్కడ మామూలు పౌరులకు నిషిద్ధం. ఎంచుకునే వీలు ఉన్నప్పుడు, తెలిసి ఎంచుకోకపోతే ఆ వీలుకు అర్థమేముంది అనిపించింది.

తోటికోడలు మళ్లీ బ్యాగు మాట ఎత్తింది. ఆ ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగానే చెప్పాను. చేతిసంచి కుర్చీకి తగిలిస్తాం, కారులో మరిచిపోతాం, పిల్లలు చాక్లెట్ కోసం చేయి పెడతారు. తన కొడుక్కి నాలుగేళ్లు. తుపాకీ ఒంటి మీద ఉండాలి, లేదా తాళం వేసిన పెట్టెలో ఉండాలి. నింపిన తుపాకీని అజాగ్రత్తగా ఉంచి, అది పిల్లల చేతికి చిక్కితే టెక్సాస్‌లో నేరం కూడా. నేను జీన్స్‌కు బిరుసైన బెల్టు, దాని లోపలి వైపు ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పేసే కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన హోల్‌స్టర్ (తుపాకీ ఒర), పైన మోకాళ్ల దాకా కుర్తా వేసుకుంటాను. మెత్తటి బట్ట హోల్‌స్టర్ నాకు ససేమిరా పనికిరాదు. అది నలిగి ట్రిగ్గర్ మీద ఒత్తగలదు. కుర్తా మన దుస్తుల్లో దీనికి ఎంత బాగా కుదురుతుందో, ఇక్కడి ఆడవాళ్లు చెమటలు పట్టే కోట్లు వేసుకోవడం చూసినప్పుడు తెలుస్తుంది. మొదట్లో ఏప్రాన్ ముడి పిడి మీద పడి అడ్డొచ్చేది. ఇప్పుడు ముడి ఎడమ పక్కకు వేసుకుంటున్నాను.

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో ఇరవై ఒకటి దాటి, చట్టపరమైన అడ్డు లేనివాళ్లు లైసెన్సు లేకుండానే వెంట ఉంచుకోవచ్చు. అయినా లైసెన్సు తీసుకోమనే చెప్పాను. తరగతి ఉంటుంది, మూడు, ఏడు, పదిహేను గజాల్లో యాభై తూటాల పరీక్ష ఉంటుంది, 250కి 175 రావాలి. ఎక్కడికి తీసుకెళ్లకూడదో, గుమ్మం మీద 30.06 అని, అంటే దాచిన తుపాకీతో లైసెన్సున్నవాళ్లూ లోపలికి రావద్దని, రాసి ఉంటే ఏం చేయాలో ఆ తరగతిలోనే నాకు సరిగ్గా తెలిసింది. గుడికి మాత్రం ఏ బోర్డు ఉన్నా లేకపోయినా నేను తీసుకెళ్లను.

సాయంత్రం వంటింటి బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి రెండు తుపాకులూ విప్పి తుడిచాను. నూనె, మందు మసి కలిసిన వాసన గోళ్లలో ఉండిపోయింది, నిమ్మచెక్కతో రుద్దినా పోలేదు. రేపు ఉదయం పిండి కలపాలి కాబట్టి ఇంకోసారి కడుక్కున్నాను. పెట్టెకు తాళం వేసి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది.

"అక్కా, ఆ కాగితం ఆయనకు చూపించాను. ఫ్రిజ్ మీద అంటించారు. వచ్చే సోమవారం ఆ మూడోదే మళ్లీ కాల్చి చూస్తాను, కొనేది అప్పుడు చూద్దాం" అంది.

సరేనన్నాను. ఈ లోపల బిరుసైన బెల్టు ఒకటి కొనుక్కుని రమ్మన్నాను.