ఈ పెరటి మంచును గాజులో నిలపాలని: ఆరో రోజు

నిన్న రాత్రి మంచు స్ఫటికాలను జిగురుతో అతికించిన ఎనిమిది గాజు స్లైడ్లలో ఆరు పోయాయి. రెండు నిలిచాయి! ఇరవై గంటలు గడిచినా ఆ రెండింటిలో కొమ్మలు కొమ్మలుగానే ఉన్నాయి. పక్కరెమ్మల చివర్లు కాస్త మొద్దుబారాయి కానీ, ఆరు దిక్కులకూ చాచుకున్న నక్షత్రం నక్షత్రంలాగే ఉంది. మొత్తం 38 స్లైడ్లు పెడితే మిగిలినవి ఈ రెండే. జిగురు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు కనుక దక్కాయని ఇప్పుడే అనకూడదు. అయినా సాయంత్రం షెడ్డులోకి వెళ్లి వాటిని చూసినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

ఇంత ఆరాటం ఎందుకో చెప్పాలి. ఇల్లు అమ్మకానికి పెట్టాం. కొనేవాళ్లు చూడటానికి వస్తామన్న రోజుకు ముందు రాత్రే మంచు మొదలైంది. తెల్లవారేసరికి పెరట్లో కొలబద్ద పెడితే 62 సెంటీమీటర్లు. పెద్ద రోడ్డు నుంచి మా ఇంటిదాకా ఉన్న మూడు కిలోమీటర్ల దారి మూసుకుపోయింది. మంచు తీసే బండి పెద్ద రోడ్లన్నీ అయ్యాక చివర్లోగానీ ఇటు రాదు. ఏజెంటు ఇప్పటికే రెండుసార్లు తేదీ మార్చాడు. మేము వెళ్లబోయేది మంచు పడని ఊరికి. పదకొండు చలికాలాలు ఈ పెరట్లో స్ఫటికాల ఫోటోలు తీశాను, ఒక్కదాన్ని కూడా దాచలేదు. వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంటూ వచ్చాను. ఇక వచ్చే ఏడు లేదు. ఈ ఆకాశం నుంచి ఈ నేల మీద పడిన ఒక్క నక్షత్రాన్నయినా గాజులో పెట్టుకుని తీసుకువెళ్లాలి.

ఫోటోల సంగతి ఒక్క మాటలో: ఈ ఆరు రోజుల్లో 212 స్ఫటికాలు, అందులో ఓ ముప్ఫై నా జీవితంలోనే మంచివి. కానన్ ఎంపీ-ఈ 65 లెన్సును మించింది నాకు ఇంకా కనబడలేదు. ఒకటి నుంచి ఐదు రెట్ల దాకా రింగు తిప్పితే చాలు, చలిలో అటాచ్‌మెంట్లు మార్చే బాధ లేదు. వేర్వేరు ఫోకస్‌లలో తీసిన ఫ్రేములను ఒకే ఫోటోగా కలపడానికి జెరీన్ స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్ నాకు సరిపోయింది. సన్నని రెమ్మలు ఒకదాని మీద ఒకటి దాటే చోట అది వివరం బాగా పట్టుకుంటుంది. ఇల్లు ఖాళీగా కనబడాలని మైక్రోస్కోపును ఏదో పెట్టె అడుగున సర్దేశాం. అందుకే కింద చెప్పే కొలతలన్నీ మూడు రెట్ల దగ్గర తీసిన ఫోటోల నుంచి లెక్కవేసినవే.

ఇక అసలు గొడవ, జిగురు. పద్ధతి మనందరికీ తెలిసిందే. చల్లబరిచిన స్లైడు మీద స్ఫటికం, దాని మీద చల్లని సూపర్ గ్లూ, పైన కవర్ స్లిప్ అనే పలచటి గాజు ముక్క, తర్వాత ఒకటి రెండు వారాలు గడ్డకట్టే చలిలో ఉంచడం. రాయడానికి రెండు వాక్యాలు. నాకు మాత్రం ప్రతిసారీ ఒకేలా చెడింది. మొదట పక్కరెమ్మలు మాయం, తర్వాత కొమ్మలు వెనక్కి తగ్గడం, మర్నాటికి నడుమ చిన్న ఆరుపలకల బిళ్ల, దాని చుట్టూ ఆరు మొండి కొమ్మలు. మా అమ్మాయి ఒకటి చూసి, "నాన్నా, పువ్వు మధ్య భాగం ఉంది, రేకులు రాలిపోయాయి" అంది. సరిగ్గా అదే.

మొదటి రెండు రోజులు 15 స్లైడ్లు, అన్నీ పోయాయి. వాటి కారణం తేలికగానే దొరికింది. బయట మైనస్ 7 డిగ్రీలు. జిగురు సీసాను రెండు గంటలు అక్కడే ఉంచాను కనుక అదీ చల్లగానే ఉందనుకున్నాను. మూడో రోజు పొద్దున సన్నని తీగ థర్మామీటరు మొనను సీసా మూతికి ఆనించి చూశాను. బల్ల మీద ఉన్నప్పుడు మైనస్ 6. తొడుగు వేసుకున్న చేత్తో పట్టుకున్న 90 సెకన్లకు మైనస్ 1. మూడు నిమిషాలకు ప్లస్ 2. నేను స్ఫటికం వెతుక్కుంటూ సీసాను గుప్పిట్లోనే పెట్టుకుని తిరుగుతున్నాను!

కాగితం మీద లెక్క వేస్తే ఇంకా స్పష్టమైంది. మూడు మిల్లీమీటర్ల కొమ్మల నక్షత్రం బరువు మిల్లీగ్రాములో నూరింట మూడు వంతులు. దాన్ని కరిగించడానికి జౌల్‌లో నూరో వంతు వేడి చాలు. ఒక చుక్క జిగురు దాదాపు 20 మిల్లీగ్రాములు. ఆ చుక్క సున్నా కన్నా ఒక్క డిగ్రీ వెచ్చగా ఉంటే, అలాంటి నక్షత్రాలను మూడింటిని నీరు చేయగలదు. నేను పోసింది రెండు చుక్కలు, రెండు డిగ్రీల దగ్గర.

అప్పటి నుంచి సీసాను చేత్తో ముట్టుకోవడం మానేశాను. చెక్క దిమ్మెకు రంధ్రం చేసి అందులో నిలబెట్టాను. పుల్ల చివర గుచ్చిన సూదితో చుక్క తీసి వేస్తున్నాను. చిక్కటి జెల్ రకం ఈ పనికి అసలు పనికిరాదు, రెమ్మల సందుల్లోకి దిగదు, గాలి బుడగలు వదలదు. నీళ్లలా పారే పలచటి రకమే కావాలి. చిన్న ట్యూబుల కన్నా సీసా నయం, త్వరగా వేడెక్కదు. కానీ చల్లని సీసాను ఇంట్లోకి తెచ్చి మూత తీయకండి. తేమ పట్టి మూతిలోనే గడ్డకడుతుంది. నాది ఒకటి అలాగే పోయింది.

మూడో రోజు మంచు మారింది. అంతకుముందు సూదులు, చిన్న బిళ్లలు ఎక్కువగా పడ్డాయి. ఆ రోజు మధ్యాహ్నం నుంచి పెద్ద పెద్ద కొమ్మల నక్షత్రాలు. మేఘంలో ఉష్ణోగ్రత మైనస్ 15 దరిదాపుల్లో ఉండి తేమ పుష్కలంగా ఉంటేనే ఇవి పుడతాయి. మైనస్ 5 దగ్గర సూదులు, గొట్టాలు. 1936లో జపాన్‌లోని హొక్కైడోలో భౌతిక శాస్త్రవేత్త ఉకిచిరో నకాయా ప్రయోగశాలలో కుందేలు వెంట్రుక మీద తొలి కృత్రిమ స్ఫటికాన్ని పెంచి, ఈ లెక్కలకు దారి వేశాడు. నా థర్మామీటరు చెప్పేది నేల దగ్గరి సంగతి మాత్రమే. పైన ఏం జరుగుతోందో పడే మంచురేకును చూసి తెలుసుకోవాల్సిందే. ఆనందంతో ఆ పూటే 11 స్లైడ్లు పెట్టాను. ఇరవై నిమిషాల తర్వాత అన్నీ చెక్కుచెదరలేదు! సమస్య తీరిందనుకుని వంటింటి ఫ్రీజర్‌లో పెట్టాను.

నాలుగు గంటల తర్వాత ఐదింటిని తీసి కొలిచాను. కొన నుంచి కొనకు 3.1 మిల్లీమీటర్లు ఉన్న నక్షత్రం 2.9కి వచ్చింది. పక్కరెమ్మలు సగానికి సగం లేవు. ఎందుకో ఆలోచించేలోపే కరెంటు పోయింది. రాత్రి పదకొండుకు కూడా రాకపోయేసరికి స్లైడ్ల పెట్టెను తీసుకువెళ్లి పెరట్లో మంచుకుప్పలో లోతుగా, దాదాపు నేలకు ఆనేలా పాతిపెట్టాను. చుట్టూ మంచే కదా, ఇంతకన్నా చల్లని చోటు ఏముంటుంది అనుకున్నాను. పొద్దున తవ్వి చూస్తే పెట్టెలోని థర్మామీటరు మైనస్ 0.8 చూపించింది! ఆ సమయానికి బయటి గాలి మైనస్ 9. మంచు దుప్పటిలాంటిది. నేలలోని వేడిని పోనివ్వదు, పైచలిని లోపలికి రానివ్వదు. అరవై సెంటీమీటర్ల మంచు అడుగున నేల దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది. చదివిన సంగతే, చేతికి వచ్చేసరికి తట్టలేదు. పదకొండూ పోయాయి. అన్నింటిలోనూ ఒక మిల్లీమీటరు బిళ్ల, ఆరు మొండి కొమ్మలు. ఆ రోజు చాలా బాధపడ్డాను. అలాంటి నక్షత్రాలు మళ్లీ పడతాయన్న హామీ లేదు.

అయితే ఒక ప్రశ్న మిగిలింది. పాతిపెట్టక ముందే, ఫ్రీజర్‌లో ఉన్న నాలుగు గంటల్లోనే రెమ్మలు ఎందుకు పోయాయి? మొదట అనుమానించింది ఫ్రీజర్‌నే. మాది దానంతట అది మంచు వదిలించుకునే రకం, అంటే లోపలి తీగ అప్పుడప్పుడు వేడెక్కుతుంది. కరెంటు వచ్చాక థర్మామీటరు పెట్టి చూస్తే మైనస్ 18 నుంచి మైనస్ 11 దాకా పెరిగి మళ్లీ దిగింది. రేకులు దాచడానికి అలాంటి ఫ్రీజర్ మంచిది కాదనే నా అభిప్రాయం. కానీ మైనస్ 11 దగ్గర నాలుగు గంటల్లో రెమ్మలు కరగవు.

జవాబు నాలుగో రోజు అనుకోకుండా దొరికింది. షెడ్డులో పని చేస్తుంటే ఒక పెద్ద చుక్క నూలు తొడుగు మీద పడింది. రెండు మూడు సెకన్లలో వేలు కాలింది, తొడుగు నుంచి సన్నగా పొగ కూడా వచ్చింది. సూపర్ గ్లూ తేమ తగిలితే గట్టిపడుతుంది, గట్టిపడేటప్పుడు వేడి వదులుతుంది, నూలు మీద ఆ పని మరీ వేగంగా జరుగుతుంది. ఈ జిగురుతో పని చేసేటప్పుడు నూలు, ఉన్ని తొడుగులు వద్దు, రబ్బరులాంటి నైట్రైల్ తొడుగు వేసుకోండి. వేలు ఇంకా మంట పెడుతూనే ఉంది, కానీ ఆ మంటలోనే విషయం తట్టింది. స్ఫటికం చుట్టూ నేను పోస్తున్న జిగురంతా గట్టిపడుతూ వేడి వదులుతోంది. జిగురు ఎక్కువైతే వేడీ ఎక్కువే. దాన్ని ముందుగా తట్టుకోలేనివి వెంట్రుక కన్నా సన్నని పక్కరెమ్మలు.

ఆ రోజు నాలుగే స్లైడ్లు పెట్టి పరీక్షించాను. మూడింటికి రెండేసి చుక్కలు, ఒకదానికి సూది మొనతో అరచుక్క. 22 మిల్లీమీటర్ల చదరపు కవర్ స్లిప్ కింద రెండు చుక్కలు పరుచుకుంటే మందం 0.08 మిల్లీమీటర్లు, అరచుక్క అయితే 0.02. అంత పలచగా నక్షత్రం మునగదు కనుక అరచుక్కకు కవర్ స్లిప్‌ను నాలుగు ముక్కలుగా కోసి ఒక ముక్కే వాడాను. గంట తర్వాత రెండు చుక్కలవి మూడూ రెమ్మలు పోగొట్టుకున్నాయి. అరచుక్కది నిలిచింది! మర్నాడు దాన్ని కొలుస్తుండగా చేయి తగిలి కవర్ స్లిప్ జరిగింది, అదీ పోయింది. అయినా దారి తెలిసింది.

నిన్న, ఐదో రోజు, ఎనిమిదింటికీ అరచుక్కే. ఫ్రీజర్ జోలికి పోలేదు, ఉత్తరం వైపు షెడ్డులో ఎండ తగలని అరలో మైనస్ 9 దగ్గర ఉంచాను. పోయిన ఆరింటిలో మూడు గాలి బుడగల వల్ల, రెండు కవర్ స్లిప్ వంకరగా కూర్చోవడం వల్ల, ఒకటి నా ఊపిరి తగిలి. ఇవన్నీ చేతి పనితనానికి సంబంధించినవి, సాధనతో సరిచేసుకోవచ్చు. అమెరికాలోని వెర్మాంట్ పల్లెలో విల్సన్ బెంట్లీ 1885 జనవరి 15న మంచు స్ఫటికం తొలి ఫోటో తీసిన దగ్గర నుంచి ఊపిరి బిగబట్టి, ఈకతో రేకులను సర్దుతూ ఐదు వేలకు పైగా తీశాడు. ఆయన 1931లో కన్నుమూశాడు. రెజిన్ ద్రావణంతో స్ఫటికాల అచ్చు తీసే, అమెరికా శాస్త్రవేత్త విన్సెంట్ షేఫర్ పద్ధతి ఆ తర్వాత దాదాపు పదేళ్లకు గానీ రాలేదు. షేఫర్ వాడిన ద్రావకం విషపూరితం, ఇంట్లో ఆ ప్రయత్నం చేయను.

ఇంటి సంగతి. గుమ్మం నుంచి గేటు దాకా 14 మీటర్ల దారి మూడుసార్లు పారతో తీశాను. బాయిలర్ పొగగొట్టం చుట్టూ రోజుకు రెండుసార్లు చూస్తున్నాను, అది మూసుకుంటే ప్రమాదం. కప్పు మీద కొత్త మంచు నీటిలో పదో వంతు బరువు అనుకున్నా చదరపు మీటరుకు 62 కిలోలు, కాబట్టి వసారా రేకుల మీది మంచును కింద నుంచే పొడవాటి కర్రతో దించేశాను. సర్దేసిన గదుల్లో కూడా వెచ్చదనం ఆపలేదు, పైపులు గడ్డకడితే అమ్మకం మాట దేవుడెరుగు.

ఇందాకే ఏజెంటు ఫోను చేశాడు. "రేపటికి దారి తీసేస్తారటండీ, ఎల్లుండి పదకొండు గంటలకు వాళ్లను తీసుకొస్తాను. షెడ్డు కూడా ఖాళీగా ఉంటే బాగుంటుంది" అన్నాడు. ఆ రెండు స్లైడ్లకు కనీసం ఇంకో పది రోజులు కావాలి. షెడ్డు తలుపు తెరిచి నలుగురు తిరిగితే అర దగ్గర వేడి మారుతుంది. అందుకని వెడల్పు మూతి ఫ్లాస్కులో మంచు, ఉప్పు కలిపి పెట్టి, మధ్యలో చిన్న డబ్బాలో స్లైడ్లు ఉంచుదామనుకుంటున్నాను. ఉప్పు, మంచు తగిన పాళ్లలో కలిస్తే మైనస్ 21 దాకా దిగుతుంది. ఈ రాత్రి ఖాళీ స్లైడుతో ఒకసారి పరీక్షించి, ఎన్ని గంటలు నిలుస్తుందో రాసుకుంటాను. అది కుదిరితే ఇల్లు మారే రోజున కారులో వెంట తీసుకెళ్లడానికి కూడా అదే దారి.

కవర్ స్లిప్‌లు ఇంకా 12 ఉన్నాయి, కోస్తే 48. బయట మైనస్ 12, గాలి లేదు, సన్నగా మంచు మొదలైంది. ఇప్పుడే నల్లగుడ్డ మీద ఒకటి పట్టి చూశాను, కొమ్మల నక్షత్రమే, నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. సీసా దిమ్మెలో ఉంది. వెళ్తున్నాను.