బడి మళ్ల బంద్

2021 మార్చి 24 నుంచి కరోనాతోటి తెలంగాణల బడులు మళ్ల బంద్ అయినయి. నల్గొండ పల్లెల్ల ఫోన్‌ల పాఠాలు ఇందామంటే సిగ్నల్‌ను నమ్ముకునుడు దండగాయె. 2020 సెప్టెంబర్ నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ (తెలంగాణ సర్కారు చదువుల చానల్)ల పాఠాలొస్తుండె, టీవీయే నయమాయె. పాఠం అయినంక టీవీ బంద్ జేసి, పుస్తకం మూయించి పిల్లనే చెప్పమనాలె. చెప్పరాకపోతే అది ఉత్త చూసుడే, చదువుడు కాదు.

ఆ టీవీ పాఠాలు మూడో తరగతి నుంచే ఉండె. రెండో తరగతోళ్లకు చింతగింజలు తీయుర్రి. పదేసి మూడు కుప్పలు, విడిగ రెండు. 32ల నుంచి 15 తీయమంటే ఒక కుప్ప ఇప్పక తప్పదు. తీసివేతల 'అప్పు తెచ్చుకునుడు' చేతికే తెలుస్తది. ఎక్కాలు పొద్దుగాలనే, ఎండ ముదిరినంక ఎవలకూ తలకెక్కదు.

వాడకట్టు పిల్లలందర్ని ఒక్క అర్రల కూసోబెట్టుడు అప్పుడు మంచిగ కాకుండె, కరోనా కేసులు పెరుగుతుండె. తప్పదంటే వేపచెట్టు కింద, మాస్కులతోటి, ఎవల పెన్సిల్ వాళ్లకే.