ఎంబీఏ లోను తీరకుండానే హోటల్ కిచెన్‌లో చేరాను

పోయిన వారమే బ్యాంకు నుంచి కొత్త రీపేమెంట్ షెడ్యూల్ చేతికొచ్చింది. ఈఎంఐ తగ్గింది. దానికోసం పడ్డ తిప్పలన్నీ గుర్తుండగానే రాస్తున్నాను.

నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో హెచ్‌ఆర్‌గా పనిచేసేదాన్ని. మనసంతా వంట మీదే. విద్యానగర్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ నేర్పే ఐహెచ్‌ఎం, బేగంపేటలో వంట నేర్పే కలినరీ అకాడమీ చూసొచ్చాను. మంచి చోట్లే, కానీ ఒక చదువు అప్పు నెత్తిమీద ఉండగా ఇంకో చదువుకి ఫీజు కట్టలేను. తెలిసినవాళ్ల ద్వారా బంజారాహిల్స్‌లో ఒక హోటల్‌కి ట్రయల్‌కి వెళ్లాను. ఉల్లిపాయలు తరిగించారు, కోడిని ముక్కలు కొట్టించారు, పప్పు వండించారు. కమీ-3గా తీసుకున్నారు. కిచెన్‌లో అన్నిటికన్నా కింది మెట్టు అదే. జీతం పాతదాంట్లో సగం కూడా లేదు. మధ్యలో కొన్ని గంటలు వదిలి రెండు విడతలుగా చేయించే బ్రేక్ షిఫ్ట్, కాళ్ల నొప్పులు, ఇవన్నీ అలవాటైపోయాయి.

నన్ను ఏడిపించింది బ్యాంకే.

నా లోను ఏడున్నర లక్షలు దాటింది కాబట్టి నాచారంలో మా ఇంటి పత్రాలు తాకట్టులో ఉన్నాయి. నాన్న కో-బారోయర్, అంటే అప్పులో నాతోపాటు సంతకం పెట్టిన మనిషి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, అదే రెపో రేటు, 4 శాతం నుంచి 6.5కి పెరిగింది, దాంతో నా ఈఎంఐ కూడా పెరిగింది. నేను అడిగింది ఒక్కటే: గడువు పెంచి ఈఎంఐ తగ్గించండి. విద్యారుణం తీర్చడానికి 15 ఏళ్ల దాకా గడువు ఇవ్వొచ్చు. నాకిచ్చింది 7 ఏళ్లే.

లోన్ల ఆఫీసరు నా కొత్త శాలరీ స్లిప్పు చూసి, నాన్నను తీసుకురమ్మన్నాడు. నాన్న వచ్చారు. కూర్చోమని కూడా అనలేదు. చుట్టూ కస్టమర్లు వింటుండగా, "ఏం సార్, ఇల్లు తాకట్టు పెట్టి ఎంబీఏ చదివించింది గరిటె తిప్పడానికా?" అన్నాడు. నాన్న చాలా నెమ్మదిగా, "కిస్తీ ఒక్కసారి కూడా ఆగలేదు సార్" అన్నారు. "ఇక ముందు ఆగుతుంది లెండి" అని ఫైలు పక్కన పడేశాడు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో ఎవరితోనూ మాట పడకుండా పనిచేసిన మనిషి మా నాన్న. నా ఒళ్లు మండిపోయింది.

అన్నం వండే పనంటే మనవాళ్లకి ఇంత చులకన ఎందుకో! ఇంట్లో అమ్మ వండితే అది పనే కాదు, హోటల్లో ఆడపిల్ల వండితే పరువు తక్కువ. వంటవాళ్లు లేకుండా ఏ ఇంట్లో పెళ్లయింది?

ఆ రాత్రి షిఫ్ట్ అయ్యాక ఆర్‌బీఐ సైటులో వెతికితే 2023 ఆగస్టు 18 నాటి సర్క్యులర్ దొరికింది. ఫ్లోటింగ్ రేటు, అంటే మార్కెట్‌ని బట్టి మారే వడ్డీ, మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది తేల్చుకునే అవకాశం అప్పు తీసుకున్నవాళ్లకి ఇవ్వాలని అందులో ఉంది. ఆర్‌బీఐ లెక్కలో విద్యారుణం కూడా పర్సనల్ లోనే, కాబట్టి అది నాకూ వర్తిస్తుంది. ప్రింటు తీసుకెళ్తే ఆఫీసరు చదవనైనా చదవలేదు. దరఖాస్తు ఇచ్చి, జిరాక్స్ మీద స్టాంపు, తేదీ వేయించుకునేదాకా అక్కడి నుంచి కదల్లేదు. పై ఆఫీసు ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్తానని అందులోనే రాశాను. దానికి ఫీజేమీ లేదు. ఆ 30 రోజుల లోపలే బ్రాంచి నుంచి ఫోనొచ్చింది, ఈసారి "మేడమ్" అంటూ.

నాలాగే మారాలనుకునేవాళ్లు రాజీనామా చేయకముందే, ఖాతా రెగ్యులర్‌గా ఉండగానే గడువు సంగతి తేల్చుకోండి. బకాయి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, ఆ తర్వాత మీ మాట వినేవాళ్లుండరు. కొన్ని నెలల కిస్తీలు విడిగా దాచుకోండి. బ్యాంకులో ఎవరైనా నోటిమాటగా "కుదరదు" అంటే నమ్మకండి, కాగితం మీద రాసిమ్మనండి. గడువు పెరిగితే మొత్తం వడ్డీ పెరుగుతుంది, అది నిజమే. నేను టిప్స్‌లో వచ్చినదంతా అసలుకే కడుతున్నాను. ఫ్లోటింగ్ రేటు విద్యారుణాన్ని ముందుగా తీర్చినందుకు పెనాల్టీ వేయకూడదు.

ఇప్పుడు మా హోటల్లో బగారా బైంగన్ హండీ నాదే. హెడ్ షెఫ్ తర్వాతి స్థానంలో ఉండే సూ-షెఫ్ రుచి చూసి ఏమీ మార్చకుండా పంపిస్తున్నారు.

నాన్నను అలా అన్నందుకు బ్యాంకుకి విడిగా ఇంకో ఫిర్యాదు రాశాను. దానికి ఇంకా జవాబు లేదు. వచ్చేదాకా రాస్తూనే ఉంటాను.